ఇంటిపేరు లేని రిజిస్టరు: మారిషస్‌లో అప్పన్న కోసం ఆరు రోజులు

మారిషస్ వెళ్లివచ్చినవారు సముద్రం గురించి రాస్తారు. నాకు ఆ ఓపిక లేదు. పూర్వీకులను వెతికిపెడతామని డబ్బు తీసుకున్న ఒక వెబ్‌సైటు మమ్మల్ని ఎలా మోసం చేసిందో, ఆ సంగతి అక్కడి ఆర్కైవ్స్‌లో పావుగంటలో ఎలా బయటపడిందో చెప్పాలని రాస్తున్నాను.

మా నాన్నగారి ముత్తాతకు అప్పన్న అనే తమ్ముడు ఉండేవాడు. "ధాత కరువులో ఓడెక్కి మారీసు పోనాడు" అన్న ఒక్క మాట తప్ప ఆయన గురించి మా ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు. ఆ మాటను భద్రంగా దాచిపెట్టింది డెబ్బయి నాలుగేళ్ల మా మేనత్త. ధాత నామ సంవత్సరమంటే 1876 ఉగాది నుంచి 1877 ఉగాది వరకు. పెద్దవాళ్లు సంవత్సరం పేరు చెప్పినప్పుడు దాన్ని పక్కన పెట్టేయకుండా పంచాంగం చక్రంతో సరిపోల్చుకుంటే వెతకవలసిన కాలం ఎంత కుదించుకుపోతుందో నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది.

మొదట చేసిన తప్పు నాదే. వంశవృక్షాలు కట్టిపెట్టే ఒక పెద్ద సైటుకు ఏడాది చందాగా 11,400 రూపాయలు కట్టాను. అది వెంటనే 214 పోలికలు చూపించింది. వాటిలో సగం దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన అప్పన్నలే. మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలు 1911 వరకు నాటాల్ వెళ్లిన లక్షన్నర మంది కూలీల ఓడ జాబితాలు ఎవరైనా డబ్బు కట్టకుండానే చూడవచ్చునని ఆ సైటు చెప్పదు, చెబితే దాని వ్యాపారం సాగదు. భారతదేశానికి సంబంధించి ఇలాంటి సైట్లు గొప్పగా చెప్పుకొనే దస్తావేజుల్లో చాలాభాగం ఇక్కడ కాపురమున్న బ్రిటిషు కుటుంబాల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల చర్చి పుస్తకాలు. చికాకోలు, అంటే ఇప్పటి శ్రీకాకుళం, దగ్గర పొలం దున్నుకున్న మనిషి వాటిలో ఎందుకు ఉంటాడు? పాత దస్తావేజులు వెతికే ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదు కనుక ముందు అక్కడ చూసుకొని, ఆ తరువాతే జేబులో చెయ్యి పెట్టమని నా సలహా.

చందాతో ఆగినా బాగుండేది. అదే సైటు ద్వారా పరిచయమైన ఒక పరిశోధకుడు మరో 14,500 రూపాయలు తీసుకొని, ముద్ర వేసిన ధ్రువపత్రం లాంటి కాగితం పంపాడు. దానిమీద వలస సంఖ్య (ఒక్కో కూలీకి రిజిస్టరులో ఇచ్చిన నంబరు), ఓడ పేరు, తేదీ అన్నీ ఉన్నాయి. అత్త ఆ కాగితానికి పసుపు బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. "ఏటిరా, ఇన్నాళ్లకి దొరికినాడు, వెళ్లి చూడొద్దా" అని పట్టుబట్టింది. ఈ ప్రయాణం అలా మొదలైంది.

భారతీయులకు ముందుగా వీసా తీసుకోవలసిన పని లేదు. ముంబయి మీదుగా వెళ్లాం, దారిలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. పోర్ట్ లూయిస్‌లో దిగిన బసకు మాత్రం ఎవరినీ పంపను. రాత్రికి 1,900 మారిషస్ రూపాయలు, అంటే మన రూపాయల్లో దాదాపు రెట్టింపు, ముందే కట్టించుకున్నారు. తీరా వెళ్లాక ఏసీకి రోజుకు 250, వేడినీళ్లకు 100 వేరే అన్నారు. బుకింగ్ కాగితం చూపిస్తే, అది పాత రేటని యజమాని నవ్వుతూనే చెప్పాడు. రెండో రోజు అత్త ఏసీ ఆపించి, కిటికీ తెరిచి, రాత్రంతా దోమలతో యుద్ధం చేసి, మర్నాడు నాతో మధ్యాహ్నం వరకు మాట్లాడలేదు. మూడో రోజు రోజ్ హిల్‌లో మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో 1,600కే అన్నీ కలిపి శుభ్రమైన గది దొరికింది. ఆర్కైవ్స్ పని మీద వెళ్లేవారు రాజధానిలో దిగడం కన్నా ఇదే మేలు.

మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌ను 1970లో భారత, మారిషస్ ప్రభుత్వాలు కలిసి స్థాపించాయి. భారతీయ వలస కూలీల రిజిస్టర్లు అక్కడే ఉన్నాయి. మాకు అసలు పుస్తకాలు చేతికివ్వలేదు. అంత పాత కాగితాలను అడిగిన ప్రతివాడికీ ఇస్తే ఏం మిగులుతాయి? మేం వివరాలు రాసిచ్చాం, ఉద్యోగిని కంప్యూటర్లో వెతికింది. పరిశోధకుడు పంపిన సంఖ్యను టైపు చేయగానే ఆమె ఒక్క క్షణం ఆగి, తెరను మావైపు తిప్పింది. ఆ సంఖ్య గలది పందొమ్మిదేళ్ల ఆడమనిషి, ఊరు బిహార్‌లోని ఆరా, ఎక్కిన రేవు కలకత్తా. అత్త చేతిసంచిలోంచి పసుపు బొట్టు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్లీ సంచిలోనే పెట్టుకుంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఉద్యోగిని మాత్రం వదిలిపెట్టలేదు. శ్రీకాకుళం జిల్లా అని రాసిచ్చినందుకు నన్ను సున్నితంగా మందలించింది, ఆ మందలింపు న్యాయమే. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. అప్పన్న ఓడెక్కే నాటికి ఆ ప్రాంతం గంజాం జిల్లాలోది, ఊరి పేరు చికాకోలు. ఇప్పటి జిల్లాల పేర్లతో వెతికేవారికి మనుషులు దొరకరు. ఇంటిపేరుతో వెతికినా దొరకరు. రిజిస్టరులో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఒంటిమీద గుర్తు, జిల్లా, ఊరు ఉంటాయి గాని తెలుగువాడి ఇంటిపేరుకు గడి లేదు. అక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి పేరే ఇంటిపేరయింది కాబట్టి, మన చివర తాడూ వాళ్ల చివర తాడూ ఎక్కడా ముడిపడవు. చెవికి వినబడినట్టు గుమస్తా రాసుకున్న పేర్ల సంగతి ఇక చెప్పనక్కరలేదు.

మూడు గంటల వెతుకులాటలో ఇద్దరు మిగిలారు. ఒకరు గంజాం జిల్లా, చికాకోలు వైపు, 1878లో వచ్చిన 'అపనా', తండ్రి 'పోలియా', వయసు ఇరవై రెండు, ఎడమ ముంజేతి మీద మచ్చ, ఫోటో లేదు. మా వంశంలో ఆ తరం పెద్దాయన పేరు పోలయ్యే. రెండో ఆయన విశాఖపట్నం జిల్లా, 1877లో వచ్చినవాడు, తండ్రి 'పైడియా', ఈయనకు ఫోటో ఉంది. 1860ల నడుమ నుంచి వలస కూలీలకు ఫోటోలు తీయడం మొదలుపెట్టినా, అందరివీ దొరకవు. నేను మొదటివాడినే నమ్మాను. అత్త ఫోటో వదలదు.

వరసలో మా వెనక నిలబడ్డ ఒకావిడ ఏడో తరం తెలుగు మనిషి. ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డు కోసం తన ముత్తాతల కాగితం తీసుకోవడానికి వచ్చింది. భారత ప్రధాని 2025 మార్చిలో ఆ దేశంలోనే, ఏడో తరం వారికీ ఆ కార్డు ఇస్తామని ప్రకటించారు. ఆవిడ మాట్లాడేది అక్కడి వాడుక భాష క్రియోల్, తెలుగు మాటలు పదో పదిహేనో వచ్చు. అందులో 'అమ్మోరు' ఒకటి. ఆ మాట వినగానే అత్త ముఖం విచ్చుకుంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా తెలుగువాళ్లను ఒకప్పుడు అక్కడ 'కోరింగీ'లని పిలిచేవారని ఆవిడే చెప్పింది. బయటికొచ్చాక జత పాతిక రూపాయలకు దాల్ పూరీలు తినిపించింది. పలుచని రొట్టెలో శనగపప్పు, పైన బీన్స్ కూర, మిరపకాయ పచ్చడి. ఆ వారంలో మేం తిన్న ఏ భోజనమూ దానికి సాటి రాలేదు.

చివరి రోజు పోర్ట్ లూయిస్ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లాం. ప్రవేశం ఉచితం. 1849లో కట్టిన ఆ వలస కేంద్రం 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. 1834లో తొలి 36 మందితో మొదలై దాదాపు నాలుగున్నర లక్షల మంది ఈ దీవికి కూలికి వచ్చారు. వారిలో అత్యధికులు రేవులో దిగి ఎక్కినవి ఈ రాతి మెట్లే. మెట్లు పదహారు. అత్త వాటిని ఎక్కలేదు, పక్కన నిలబడి వేలితో చూపిస్తూ పైకి లెక్కపెట్టింది. పూర్తయ్యాక మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి వచ్చి ఇంకోసారి లెక్కపెట్టింది.

ఇంటికొచ్చాక సైటును డబ్బు వాపసు అడిగితే, ఈలోగా రెండో ఏడాది చందా కూడా నా కార్డు నుంచి తీసేసుకున్నామని జవాబిచ్చారు. కార్డు రద్దు చేయించాను. మోకా నుంచి తెచ్చుకున్న రెండు ప్రతుల్లో పోలయ్య కొడుకు కాగితాన్ని నేను ఫైల్లో పెట్టుకున్నాను. దేవుడి గూట్లో ఇప్పుడు పైడయ్య కొడుకు ఫోటో ఉంది. తండ్రి పేరు కలవడం లేదు కదా అత్తా అని రెండుసార్లు చెప్పి చూశాను. "ముక్కు చూడరా" అంటుంది.