ఇద్దరే వెళ్తే ఏది మేలు: కోపెన్‌హాగెనా, ట్రోమ్సోనా?

అక్టోబరు వచ్చిందంటే మా చుట్టాల్లోనో, ఆఫీసులోనో ఒక జంట ఈ ప్రశ్న పట్టుకొస్తుంది. "క్రిస్మస్ సెలవులకి అటు ఉత్తరాన ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం, పనిలో పనిగా రాత్రి ఆకాశంలో ఆడే ఆ రంగుల వెలుగులు, నార్తర్న్ లైట్స్ కూడా చూసేస్తాం. కోపెన్‌హాగెన్‌కి వెళ్లమంటావా, ట్రోమ్సోకా?" మేమిద్దరం రెండూ చూశాం. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌కి డిసెంబరు మూడో వారంలో వెళ్లాం, నార్వేలోని ట్రోమ్సోకి రెండేళ్ల తర్వాత ఫిబ్రవరిలో. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు నొప్పి పుట్టి, ఇదిగో ఇలా రాస్తున్నాను.

అడిగేవాళ్లందరి భయమూ చలి గురించే. లంబసింగిలో ఒక్క తెల్లవారుజామున వణికిన జ్ఞాపకాన్ని పదింతలు చేసుకుని హడలిపోతుంటారు. అంత హడలక్కర్లేదు. డిసెంబరులో కోపెన్‌హాగెన్ పగళ్లు చాలావరకు సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైనే ఉంటాయి. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి 300 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్నా, ఆ తీరాన్ని తాకుతూ పోయే వెచ్చటి సముద్ర ప్రవాహం పుణ్యమా అని ఊళ్లో చలికాలపు సగటు మైనస్ నాలుగు దగ్గరే ఆగుతుంది. థర్మల్స్ (లోపల తొడుక్కునే వెచ్చటి బట్టలు) రెండు జతలు, నీళ్లు దిగని బూట్లు, ఊలు సాక్సులు ఉంటే చాలు. ఇక్కణ్నుంచి మోసుకెళ్లిన మంకీ క్యాపుని మా ఆయన రెండో రోజే పెట్టెలో పడేశారు.

నా దృష్టిలో లెక్క చూసుకోవాల్సింది చీకటిని.

డిసెంబరు 21 చుట్టుపక్కల కోపెన్‌హాగెన్‌లో పొద్దు ఎనిమిదిన్నర దాటాక పొడుస్తుంది, మూడూ నలభై కాకముందే గుంకుతుంది. ఏడు గంటల పగలన్నమాట. అదీ క్యాలెండరు లెక్క. ముసురు పట్టిందంటే (తరచూ పడుతుంది) ఆ ఏడు గంటలూ మన శ్రావణమాసపు సాయంత్రంలా మసగ్గా గడిచిపోతాయి. మంచు కురిసే క్రిస్మస్ కోసం వెళ్తున్నట్టయితే ఇప్పుడే చెబుతున్నా, అక్కడ అది అరుదు. మాకు ఐదు రోజుల్లో దొరికింది సన్నటి వాన, చెవులు కోసే గాలి.

ట్రోమ్సోలో నవంబరు 27 నుంచి జనవరి 15 దాకా సూర్యుడు అసలు దిగంతం మీదికే రాడు. అలాగని కారుచీకటేమీ కాదు. మేం వెళ్లిన ఫిబ్రవరిలో పొద్దుగుంకాక నీలిమందు కలిపిన నీళ్లలాంటి వెలుగు ఒకటి మంచు మీద చాలాసేపు నిలిచేది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నమే ఆ వెలుగు. రెండు మూడు గంటలు ఉండి అదీ పోతుంది. చుట్టూ కొండలు అడ్డు కాబట్టి ఊళ్లోవాళ్లు సూర్యుణ్ని మళ్లీ చూసే రోజు జనవరి 21గా లెక్క. ఆ రోజు సూర్యుడి పేరు మీద తియ్యటి బన్నులు తింటారు. మనకు సంక్రాంతి వెళ్లిన వారానికి వాళ్ల ఉత్తరాయణం!

ఇప్పుడు చెప్పండి. పెళ్లిరోజుకని వెళ్లిన ఇద్దరు మనుషులు పదిహేడు గంటల చీకటిని ఏం చేసుకుంటారు? నవ్వకండి, ఐదు రాత్రుల ట్రిప్పులో ఇది నిజంగా ఎదురయ్యే ప్రశ్న.

కోపెన్‌హాగెన్ ఆ చీకటిని బాగా సర్దుకుంది. రైల్వే స్టేషన్ ఎదురుగానే టివోలి ఉంటుంది. 1843లో తెరిచిన ఈ వినోదాల తోట నవంబరు మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా క్రిస్మస్ ముస్తాబులో ఉంటుంది. పగటిపూట వెళ్తే మామూలు ఎగ్జిబిషన్ గ్రౌండులా కనిపిస్తుంది, కాబట్టి నాలుగు తర్వాతే వెళ్లండి. ఏబుల్‌స్కీవర్ అమ్ముతుంటారు. అచ్చం మన గుంతపొంగనాలే, పెనం కూడా అవే గుంతలది. మీద పంచదార పొడి, పక్కన జామ్. గుడ్డు తిననివాళ్లు అడిగి తినాలి. టివోలి పక్కనే గ్లిప్టోటెక్ మ్యూజియం ఉంది. కార్ల్స్‌బర్గ్ బీరు కుటుంబానికి చెందిన కార్ల్ జాకబ్‌సెన్ స్థాపించింది. మధ్యలో గాజు గుమ్మటం కింద తాటిజాతి చెట్లు, వెచ్చటి గాలి, ఓ కాఫీ బల్ల. బయట వాన పడుతుంటే అక్కడ రెండు గంటలు ఏమీ మాట్లాడుకోకుండా కూర్చున్నాం. ఈ ట్రిప్పులో నాకు బాగా గుర్తున్నది అదే. ఇంట్లో అలా కూర్చుని ఎన్నేళ్లయిందో.

చీకటిపడ్డాక కిటికీల్లో, రెస్టారెంటు బల్లల మీద, చిన్న కాఫీ షాపుల్లో కూడా కొవ్వొత్తులు వెలుగుతాయి. మెట్రో ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది, ఎయిర్‌పోర్టు నుంచి ఊరి నడిబొడ్డుకి పావుగంట. కాళ్లు నొప్పి పుడితే గదికి పోవచ్చు, గంట పడుకుని మళ్లీ బయటికి రావచ్చు. ఏ రోజూ ఫలానాది చూడకపోతే డబ్బు వృథా అన్న బెంగ లేదు.

ట్రోమ్సోలో ఆ బెంగ ఉంది. అరోరా వలయం, అంటే నార్తర్న్ లైట్స్ ఎక్కువగా కనిపించే పట్టీ, సరిగ్గా ఆ ఊరి నెత్తి మీదే ఉంటుంది కాబట్టి అవకాశం ఎక్కువే. కానీ మబ్బు పడితే ఆకాశంలో ఎంత జరిగినా మనకు కనపడదు. తీరప్రాంతం, మబ్బు మామూలే. అందుకని రాత్రి వ్యాన్ టూర్లవాళ్లు మబ్బు లేని చోటు వెతుక్కుంటూ ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాకా తీసుకెళ్తారు. ఆరేడు గంటల పని. మనిషికి వెయ్యి నార్వే క్రోనర్ల పైమాటే. ఊళ్లో మైనస్ నాలుగు అన్నాను కదా, ఆ సరిహద్దు దగ్గర మైనస్ ఇరవై కావచ్చు. మొదటి రాత్రి మాకు కనిపించింది మబ్బూ, చలిమంటా, కప్పులో సూపూ. రెండో రాత్రి మళ్లీ డబ్బు కట్టాలా వద్దా అని హోటల్ గదిలో చిన్న యుద్ధం. మా ఆయనే గెలిచారు. అర్ధరాత్రి దాటాక ఆకాశం అంచున బూడిదరంగు చార ఒకటి లేచింది. చూస్తుండగానే పచ్చబడి, ఆరేసిన చీర గాలికి ఊగినట్టు ఊగింది. ఎంత నిష్ఠూరంగా రాద్దామన్నా ఆ పది నిమిషాల గురించి రాయలేను.

పగళ్లు కూడా బాగున్నాయి. కేబుల్ కారులో నాలుగు నిమిషాల్లో 421 మీటర్ల ఎత్తుకి వెళ్తే ద్వీపం మీది ఊరు మొత్తం కాళ్ల కింద ఉంటుంది. వంతెన అవతల 1965 నాటి తెల్లటి ఆర్కిటిక్ కేథడ్రల్. మంచు కావాలంటే కావలసినంత. అయితే ఇవన్నీ హాయిగా చూడగలిగింది ఫిబ్రవరి కాబట్టే. ఫిబ్రవరి మధ్యకల్లా ట్రోమ్సో పగలు ఏడు గంటలకు చేరుతుంది, అంటే క్రిస్మస్‌నాటి కోపెన్‌హాగెన్ పగలంత. నన్నడిగితే ఈ లెక్కతోనే సగం గొడవ తీరిపోతుంది. సెలవు డిసెంబరులో ఉంటే, నార్తర్న్ లైట్స్ ఆశ వదులుకుని, కోపెన్‌హాగెన్. ఫిబ్రవరికి జరుపుకోగలిగితే, కనీసం నాలుగు రాత్రులు పెట్టగలిగితే ట్రోమ్సో. రెండు రాత్రులకే ట్రోమ్సో వెళ్లడం లాటరీ టికెట్ కొనడమే. పైగా హైదరాబాద్ నుంచి కోపెన్‌హాగెన్‌కి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో ఒకే మార్పు. ట్రోమ్సోకి మామూలుగా ఓస్లోలో ఇంకోసారి దిగి ఎక్కాలి.

మిగతా ఊళ్ల సంగతీ అడుగుతారు కనుక: స్టాక్‌హోమ్ అందంగా ఉంటుంది, 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి 1961లో పైకి తీసిన వాసా ఓడ ఒక్కటి చాలు వెళ్లడానికి. కాకపోతే పగలు ఇంకో గంట తక్కువ. హెల్సింకీకి సౌనా (వేడి గదిలో చెమటపట్టే స్నానం) పిచ్చి ఉన్నవాళ్లు వెళ్లొచ్చు. ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌కి డిసెంబరులో వద్దు, నాలుగు గంటల పగలుతో ఆ జలపాతాలన్నీ ఎప్పుడు చూస్తారు?

వీసా ఎక్కడికైనా షెంగెనే (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా). ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి అప్లై చేయాలి, ఆరు నెలల ముందు నుంచీ చేసుకోవచ్చు, డిసెంబరు దాకా నానబెట్టకండి. కోపెన్‌హాగెన్‌లో 24 సాయంత్రం నుంచి 26 దాకా చాలా షాపులు, రెస్టారెంట్లు మూసేస్తారు. ఆ మూడు రోజుల్ని తప్పించి ముందు వారం వెళ్తే మేలు. లేదంటే గదిలో మ్యాగీ, పచ్చళ్ల పొట్లాలు ఉండాల్సిందే.

మా ఆయన్ని అడిగితే మాత్రం మారు ఆలోచన లేకుండా ట్రోమ్సో అంటారు. ఇప్పటికీ ఆయన ఫోన్ తెరిస్తే ఆ పచ్చటి ఆకాశమే. ఆ ఫొటోలో నేను లేను. అప్పటికే వ్యాన్ ఎక్కి, హీటర్ దగ్గర చేతులు పెట్టుకుని కూర్చున్నాను.