ప్రహ్లాద నాటకం మెట్లు చూడ్డానికి బరంపురం వెళ్లొచ్చాం

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి బరంపురానికి రైల్లో వెళ్తే మాకు నౌపడాలో దిగి మారాల్సి వచ్చింది. మాకు అక్కడ రెండు గంటలు పట్టింది, మామయ్యకేమో మోకాళ్ల నొప్పులు, కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు నేరుగా బస్సు చూసుకోండి.

మేం వెళ్లింది నాటకానికీ సినిమాకీ ఉన్న చుట్టరికం మీద పెట్టిన ఓ చిన్న మ్యూజియం ప్రదర్శన చూడ్డానికి. మామయ్య ముప్పై ఏళ్లు పద్య నాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి, సంగతి తెలిసిన రోజు నుంచీ "ఎప్పుడెళ్దాంరా" అని ఒకటే పోరు.

స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకున్నాం. ఫోన్లో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు, వేడి నీళ్లు అడిగితే పొద్దున ఎనిమిది దాటాక వచ్చాయి. రెండో రాత్రికి గోపాలపూర్ మారిపోయాం. పదహారు కిలోమీటర్లు, ఆటోకి కొంచెం ఎక్కువే అవుతుంది, కానీ గది శుభ్రంగా ఉంది, సముద్రం చప్పుడు వింటూ పడుకోవచ్చు. నన్నడిగితే రెండు రాత్రులూ అక్కడే ఉండండి.

ప్రదర్శన రెండే గదులు. మొదటి గది మధ్యలో ప్రహ్లాద నాటకం వేదికకి చెక్కతో చేసిన నమూనా ఉంది, ఏడు మెట్లు, పైన హిరణ్యకశిపుడి సింహాసనం. ఇది బరంపురం ఉన్న గంజాం జిల్లా ఊళ్ల నాటకం. దీని రచన దగ్గర ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని జలంత్రకోట రాజుల పేరు చెబుతారు, అంటే సరిహద్దుకి రెండు వైపులా ఉన్న సొత్తు. నమూనాకి ఎదురుగా గోడ మీద 1932 నాటి భక్త ప్రహ్లాద కథ రాశారు. మన మొదటి తెలుగు టాకీ, హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం, సురభి వాళ్లు ఆడుతున్న నాటకాన్నే బొంబాయి తీసుకెళ్లి తీశారు, లీలావతి వేషం సురభి కమలాబాయిది. పక్కనే మొదటి ఒడియా సినిమా సీతా బిబాహ, 1936. అదీ నాటకం నుంచి వచ్చిందే.

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం ఆ మెట్ల దగ్గరే. రాజు పై మెట్టు మీదున్నప్పుడు దూరంగా, చిన్నగా, కొండ మీది దేవుడిలా కనిపిస్తాడు. కోపం వచ్చి ఒక్కో మెట్టూ దిగుతుంటే మొహం పెద్దదవుతూ మన మీదకి వచ్చేస్తుంది. కెమెరా క్లోజప్‌కి వెళ్లి చేసే పనిని ఈ మెట్లు ఎప్పటి నుంచో చేస్తున్నాయి కదా అనిపించి ఒళ్లు జలదరించింది. ఇదే మాట మామయ్యతో అంటే, తొలి టాకీల్లో మైకుకి అందేలా నటులు ఒకచోటే నిలబడి పాడాల్సి వచ్చేదనీ, నాటకం నుంచి సినిమాకి వెళ్లినవాళ్లు ముందు ఆ కదలికే పోగొట్టుకున్నారనీ అన్నారు.

లోటు ఒక్కటే, రాతలన్నీ ఒడియా, ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఇంతమంది తెలుగువాళ్లున్న ఊళ్లో సురభి గురించి రాస్తూ తెలుగు ముక్క లేకపోవడం నాకు నిజంగా బాధేసింది. అక్కడున్న కుర్రాడు మాత్రం చక్కటి తెలుగులో ఓపిగ్గా అన్నీ చెప్పాడు, ఆ రాత్రి పక్క ఊళ్లో ఆట ఉందని చెప్పిందీ అతనే.

వెళ్లాం. మర్దల అనే మద్దెల, తాళాలు, సన్నాయిలా ఊదే ముఖవీణ, పక్కన నిలబడి ఆటంతా నడిపించే గాహకుడు. సినిమా ఇక్కడికీ వచ్చేసింది, రంగుల లైట్లు, స్తంభం పగిలేటప్పుడు పొగ, స్పీకర్లో ఉరుము. ఆ ఉరుము నాకు నచ్చలేదు, మర్దల దెబ్బని మింగేసింది. పొగ మాత్రం బాగుంది, అందులోంచి నరసింహుడి ముఖం బయటికి వచ్చినప్పుడు నా పక్కనున్న ముసలమ్మ రెండు చేతులూ ఎత్తేసింది. ఆ ముఖం ఓ ముసుగే, ముందు పూజ చేశాకే కట్టుకుంటారు, కుంకుమ మీద కుంకుమ పడి నుదురు గరుకుగా ఉంది. వేషధారికి పూనకం వస్తే నలుగురు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. మామయ్య చూపు గాహకుడి మీదే ఉంది, వేళ్లు మోకాలి మీద హార్మోనియం మెట్లు నొక్కుతూనే ఉన్నాయి.

వెళ్తే దుప్పటి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆడతారు. మరీ ముందు కూర్చోకండి, నాలుగైదు వరసల వెనక్కి, మెట్లన్నీ కనబడేచోట కూర్చోండి. తిరుగు ఆటో ముందే మాట్లాడుకోవాలి, ఆ వేళకి ఒక్కటీ దొరకదు.