ఎస్పీ రోడ్డులో సైన్ బార్ కొనేవాళ్లు జాగ్రత్త! కాలిబ్రేషన్ సర్టిఫికెట్ దొంగది

బెంగళూరులో టూల్‌రూమ్ నడిపే మనవాళ్లంతా ఇది చదవండి. షాపు పేరు రాయను. పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో సగం మంది అక్కడే కొంటారు, ఓనరు తెలుగాయనే, చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో (కొలత సరిగ్గా ఉందని ల్యాబ్ ఇచ్చే కాగితం) సహా 100 మి.మీ. సైన్ బార్ (రెండు చివర్లా రోలర్లుండే, కోణాలు సెట్ చేసే ఉక్కు పట్టీ) తెచ్చాను. దాని మీద సెట్ చేసి గ్రైండ్ చేసిన 30 డిగ్రీల ఫిక్చర్లన్నీ (పనిముక్కను పట్టి ఉంచేవి) కస్టమర్ సీఎంఎం (కొలతలు తీసే మెషీన్)లో రిజెక్ట్ అయి వెనక్కి వచ్చాయి. కోణం 2 మినిట్లు (మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఎక్కువట. మేం కోణం కొలిచే బెవెల్ ప్రొట్రాక్టర్ వెర్నియర్ స్కేలు చదివేది 5 మినిట్ల వరకే, అందుకే మా దగ్గర దొరకలేదు. వేరే ల్యాబ్‌లో కొలిపిస్తే రెండు రోలర్ల సెంటర్ల మధ్య దూరం 99.90 మి.మీ. అని తేలింది. సర్టిఫికెట్‌లో మాత్రం 100.000! 30 డిగ్రీల కోసం ఒక రోలర్ కింద 50 మి.మీ. స్లిప్ గేజ్ (కచ్చితమైన ఎత్తున్న ఉక్కు దిమ్మ) పెట్టినప్పుడు ఆ 0.1 తేడాకే 2 మినిట్లు పోతాయి. 45 డిగ్రీలకు సెట్ చేస్తే 3 మినిట్లు దాటుతుంది.

రిపోర్టు పట్టుకుని షాపుకెళ్లాను. ఆయన దాన్ని తెరవను కూడా లేదు. "మీ సర్ఫేస్ ప్లేటే అరిగిపోయుంటుంది సార్" అన్నాడు. బార్ పెట్టే చదును బల్లదట తప్పు! ఈ సర్టిఫికెట్ ఇచ్చిన ల్యాబ్ ఎక్కడుందని అడిగాను. కౌంటరు కింద సొరుగు లాగి ఒక కట్ట తీసి బల్ల మీద పడేశాడు. అన్నీ అవే సర్టిఫికెట్లు. అదే సంతకం, అవే రీడింగులు, సీరియల్ నంబరు గడి ఒక్కటే ఖాళీ. పెన్ను మూత తీసి, "మీ బార్ నంబరు చెప్పండి, కొత్తది రాసిస్తా" అన్నాడు. పక్కన ఇంకో కస్టమర్ ఉన్నాడన్న జంకు కూడా లేదు. ఒళ్లు మండిపోయింది. డబ్బు వెనక్కివ్వమంటే, "మనవాళ్లని రేటు తగ్గించి ఇస్తే పేచీ పెట్టుకోడానికొచ్చారా?" అని గొంతు పెంచాడు. మెటీరియల్ పోయింది, గ్రైండింగ్ కూలి పోయింది, కస్టమర్ దగ్గర మాట పోయింది.

బార్‌ను ప్లేటు మీద పడుకోబెట్టి డయల్ గేజ్ (ఎత్తు తేడా చూపే ముల్లు మీటరు) నడిపిస్తే ఈ తప్పు దొరకదు, జీరోనే చూపిస్తుంది. 30 డిగ్రీలకు లేపి, నమ్మకమైన యాంగిల్ గేజ్ పెట్టి చూడండి. సర్టిఫికెట్ మీది సీరియల్ నంబరు, బార్ మీద చెక్కింది ఒకటేనా చూసుకోండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తుంటే ఆ ల్యాబ్ వివరాలు వాళ్ల వెబ్‌సైట్లో వెతకండి. అక్కడ ఇదివరకే కొన్నవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, సర్టిఫికెట్లన్నీ కలిపి ఫిర్యాదు ఇద్దాం.