మా జిమ్ములో 20 కేజీలంటే ఎంత? ఆరేళ్ళ తర్వాత ఒక సమీక్ష

ఫీజెంత, ఏసీ ఉందా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అనేవి నెల్లూరు వేదాయపాళెంలో ఎవరినడిగినా చెప్తారు. అవి వదిలేస్తున్నాను. నేను ఈ జిమ్ములో చేరి ఆరేళ్ళు దాటింది. నాకు చెప్పాలని ఉన్నది ఇనుము గురించి.

చేరిన కొత్తలో నాకు నచ్చింది కూడా అదే. అంతకు ముందు వెళ్ళిన చోట ట్రెడ్‌మిల్లులు పదకొండు, స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీ) తీయడానికి రాడ్ నిలిపే రాక్ ఒక్కటి. ఆ ఒక్కదాని మీదా ఎవరో ఒకరు టవల్ ఆరేసుకుని ఫోన్ మాట్లాడుతూ ఉండేవారు. డెడ్‌లిఫ్ట్ చేసి, అంటే నేల మీంచి బరువు లేపి, రాడ్ కాస్త గట్టిగా దించితే కింద మందుల షాపాయన మెట్లెక్కి వచ్చేవాడు. ఇక్కడ ఆ గొడవ లేదు. పైన రేకులు, కింద మందపాటి రబ్బరు షీట్లు, రాక్‌లు మూడు, గోడ వారన పోత ఇనుము ప్లేట్లు దొంతర్లు దొంతర్లుగా. ఎండాకాలం మధ్యాహ్నం రాడ్ పట్టుకుంటే అట్లపెనం పట్టుకున్నట్టే ఉంటుంది, నిజమే. ఆ వేళకు వచ్చే పిచ్చివాళ్ళం ముగ్గురమే కాబట్టి దేనికోసమూ ఆగాల్సిన పని లేదు. జిమ్ము నడిపే మాస్టర్ ప్రొటీన్ పొడి డబ్బాలు అంటగట్టడు. గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, గుడ్లు తినండి, చేపలు తినండి, నెల్లూర్లో ఉండి చేపలకు కరువా అంటాడు.

నేను స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం కొట్లో లెక్కలు రాస్తాను. ఆ అలవాటు జిమ్ముకూ వచ్చింది. ఏ రోజు ఎంత బరువు, ఎన్నిసార్లు ఎత్తాను అని ఆరేళ్ళుగా నోటుబుక్కులు నింపుతున్నాను. వీలైనప్పుడల్లా 2.5 కేజీలు పెంచుకుంటూ పోవడమే నా పద్ధతి. నలభై దాటినవాడికి అంతకంటే తొందరేముంది? నిరుడు శ్రావణంలో స్క్వాట్ 100 కేజీలకు వచ్చింది. ఆ రాత్రి గొప్పగా చెప్తే, "అంటే నాలుగు బస్తాలు కూడా లేవా?" అంది మా ఆవిడ. ఆమెకు తెలిసిన బస్తా 26 కేజీలది. (2022 జులైలో 25 కేజీల వరకూ ఉన్న బియ్యం ప్యాకెట్లకు జీఎస్టీ పడ్డాక అందరూ ఒక కేజీ ఎక్కువ పోసి అమ్మడం మొదలుపెట్టారు. మా వ్యాపారంలో ఒక్క కేజీ అంత పని చేస్తుంది.)

సంక్రాంతికి అత్తగారి ఊరు ఒంగోలు వెళ్ళాం. కర్నూలు రోడ్డు వైపు కొత్త జిమ్ములో ఒక రోజుకు డబ్బు కట్టి లోపలికెళ్ళాను. అక్కడివి పోటీల్లో వాడే రంగుల ప్లేట్లు. నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. 20 కేజీల రాడ్‌కి నీలంవి నాలుగు ఎక్కించి 100తో కిందికి కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి లేవలేదు. రాడ్‌ని రాక్‌కి అడ్డంగా ఉండే సేఫ్టీ కమ్మీల మీద వదిలేసి ముందుకు పాక్కుంటూ బయటపడ్డాను. "అరిసెలు ఎక్కువైనట్టున్నాయే బావా" అన్నాడు మా బావమరిది. ఉగాదికి మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ అదే జరిగింది. ఈసారి వాడు ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

అప్పుడొచ్చింది అనుమానం. నెల్లూరు రాగానే మాస్టర్‌ని అడిగి, 20 అని అచ్చు పోసిన ప్లేటు ఒకటి స్కూటర్ మీద పెట్టుకుని కొట్టుకు పట్టుకుపోయాను. మా హమాలీ ఒకాయన దాన్ని రెండు చేతుల్తో లేపి, "ఇది ఇరవై ఏంది సామీ, పద్దెనిమిదిన్నర గూడా లేదే" అన్నాడు. కాటా మీద పెడితే 18.4. ముప్పై ఏళ్ళుగా బస్తాలు మోస్తున్న చెయ్యి అది. అదే ప్లేటు నేను ఆరేళ్ళుగా ఎక్కిస్తున్నాను, దించుతున్నాను. నాకు తెలియలేదు.

ఆదివారం జిమ్ముకు సెలవు. మా షావుకారి దగ్గర అనుమతి తీసుకుని, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటాను ఆటోలో తీసుకెళ్ళాను. కాటా మీదే నెపం వేస్తారేమోనని 20 కేజీల తూకపు రాళ్ళు రెండు వెంట తీసుకుపోయాను. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా ఒక్కో ప్లేటూ తూచాం. నేను శ్రావణంలో ఎత్తిన "100" సంగతి ఇదీ: ప్లేట్లు 18.4, 18.7, 18.1, 19.2. రాడ్ 20 ఉండాల్సింది 17.6. మొత్తం 92.

ఎనిమిది కేజీలు పోయినందుకు కాదు నా బాధ. రోజూ అవే నాలుగు ప్లేట్లు ఎక్కించి ఉంటే ఫరవాలేదు, కండకు అంకెలు చదవడం రాదు. కానీ ఏ ప్లేటు చేతికొస్తే అది ఎక్కించాను. అన్నీ బరువైనవి పడిన రోజుకీ అన్నీ తేలికవి పడిన రోజుకీ 6 కేజీల తేడా వస్తోంది. నేను పెంచుకుంటూ వచ్చింది 2.5 చొప్పున! నోటుబుక్కులో "నిద్ర చాల్లేదు", "రాత్రి బిర్యానీ" అని రాసుకున్న చెడ్డ రోజుల్లో ఎన్ని నిజంగా చెడ్డవో ఇప్పుడెవరు చెప్తారు?

ఇంకోటి. బెంచ్ ప్రెస్‌లో, అంటే బల్ల మీద పడుకుని రాడ్ పైకి నెట్టేటప్పుడు, నా కుడి చెయ్యి వెనకబడేది. కుడి భుజం బలహీనంగా ఉందని మాస్టర్ అంటే, ఆ చేతికి ఒక్కదానికే ఎనిమిది నెలలు అదనంగా సెట్లు చేశాను. తూచి చూస్తే 10 అని ఉన్న ఒక జతలో ఒకటి 8.9, ఇంకోటి 10.6. బరువైన ప్లేటు మీద ఎర్ర రంగు మరక ఉంది. అద్దం వైపున్న కొక్కేనికే దాన్ని తగిలించి, ఆ వైపే రాడ్‌కి ఎక్కించడం అందరికీ అలవాటు. అంటే నాకు కుడివైపు.

పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో ప్లేటు తూకం రాసినదానికి పావు శాతం మించి తేడా ఉండకూడదు. 20 కేజీలకు 50 గ్రాములు. మా జిమ్ము గోడ మీద కరణం మల్లీశ్వరి ఫొటో ఉంది, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోది. ఆమె మొత్తం 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చింది. బంగారం గెలిచిన చైనా అమ్మాయి ఎత్తింది 242.5. ఆ ఫొటో కిందున్న ప్లేట్ల జతలోనే ఆ రెండున్నర కేజీల తేడా కంటే ఎక్కువ తరుగు.

మాస్టర్‌కి కోపం వస్తుందనుకున్నాను. ఆయన లెక్కంతా విని, చాలాసేపు దొంతర్ల వైపే చూస్తూ కూర్చుని, "ఏందబ్బయా, నేను కేజీ లెక్కన డబ్బులు కట్టి తెచ్చుకున్న సరుకు గదా ఇది" అన్నాడు. మొత్తం 71 కేజీల తరుగు తేలింది. మర్నాడు పొద్దున్నే తెల్ల పెయింట్ డబ్బా తెచ్చి, ఒక్కో ప్లేటు మీదా అసలు తూకం తన చేత్తోనే రాశాడు. ఇంకో జిమ్ములో అయితే మరుసటి నెల నుంచి నన్ను రావద్దనేవారేమో. ఈ ఒక్క పనికి ఆయనకు ఎన్ని మార్కులైనా వేస్తాను.

కుర్రాళ్ళు మాత్రం వేయలేదు. "ఎందుకు రాయించినావన్నా, వీడియో పెట్టుకునేది ఎట్ట ఇప్పుడు?" అని ఒకడు నిలదీశాడు. ఇప్పుడు అందరూ పెయింట్ ఉన్న వైపు లోపలికి తిప్పి ఎక్కిస్తున్నారు. కొన్నిటి మీద రాతలు అప్పుడే గీకేశారు కూడా.

రాక్‌లు మూడన్నాను గానీ మూడోదానికి కొక్కేలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. పొడి డబ్బాలు అంటగట్టడన్నాను, ఈమధ్య కౌంటర్ మీద ఒకటి రెండు కనిపిస్తున్నాయి. కండలు చూపించడానికి స్టేజి ఎక్కాలనుకునేవాళ్ళకీ బరువులెత్తే పోటీలకు వెళ్ళేవాళ్ళకీ ఈ చోటు సరిపోతుందని నేను చెప్పలేను. నాకు ఇల్లు దగ్గర, కొట్టు మూసే వేళకు ఇది తెరిచి ఉంటుంది, నడుము ఇంతవరకు పట్టేయలేదు. అందుకని మళ్ళీ ఫీజు కట్టాను, ఎప్పట్లా ఏడాదికి కాదు, మూడు నెలలకు. స్క్వాట్ ఇప్పుడు కాటా లెక్కన 96.5. బావమరిదికి ఈ సంగతేదీ చెప్పలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు ఒక మాట. వెనక వరసలో గోడ వైపు తిప్పి పెట్టిన ప్లేట్లు రెండుంటాయి, 19.9, 20.1. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత అవి నావి.