ఎనిమిదేళ్లుగా వాడుతున్న క్యూబిట్‌టొరెంట్: నా అనుభవం

నా పాత డెస్క్‌టాప్‌లో ఎనిమిదేళ్లుగా క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. పెద్ద ఫైళ్లను ఒకే సర్వర్ నుంచి కాకుండా, వాటిని దించుకుంటున్న జనం నుంచే ముక్కలుగా తెచ్చుకోవడమే టొరెంట్. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు. నేను ఎక్కువగా దించేవి డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టంల ఐఎస్ఓలే (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్క్ ఫైళ్లు).

మొదట్లో బ్రౌజర్‌లోనే దించేవాణ్ణి. ఎండాకాలం కరెంటు పోయిందంటే మూడు జీబీ వచ్చిన ఫైలు కూడా మళ్లీ మొదటికొచ్చేది. టొరెంట్‌తో ఆ బాధ తీరింది. ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక హ్యాష్ (వేలిముద్ర లాంటి గుర్తు) ముందే రాసిపెడతారు. మొన్న ఏప్రిల్లో 78 శాతం దగ్గర కరెంటు పోయింది. వచ్చాక 'ఫోర్స్ రీచెక్' నొక్కాను. ముక్కలన్నీ సరిచూసుకుని, చెడినవాటినే మళ్లీ తెచ్చుకుంది. పీర్ల (అదే ఫైలును పంచుకుంటున్న మిగతావాళ్ల) పట్టీ తెరిస్తే దేశాల జెండాలు కనిపిస్తాయి: ఒక ముక్క జర్మనీ నుంచి, ఇంకోటి బ్రెజిల్ నుంచి.

బ్రామ్ కోహెన్ 2001లో తెచ్చిన ఈ పద్ధతిలో దించుకునేవాడే పక్కవాడికి పంచుతుంటాడు. అరుదుగా ఉన్న ముక్కను ముందు తెచ్చుకుంటాడు. జనం ఎగబడితే సర్వర్ చతికిలబడుతుంది, టొరెంట్ మాత్రం వేగం పుంజుకుంటుంది.

దీన్ని ఆపడం ఎందుకంత కష్టమో పాటలు పంచుకునే నాప్‌స్టర్‌ను చూస్తే తెలుస్తుంది. పాటలు జనం దగ్గరే ఉన్నా, ఎవరి దగ్గర ఏముందో చెప్పే జాబితా దాని సర్వర్లలో ఉండేది. 2001లో అమెరికా కోర్టు తీర్పుతో అది మూతపడింది. టొరెంట్‌లో ట్రాకర్ (పీర్లు ఎక్కడున్నారో చెప్పే సర్వర్) పోయినా డీహెచ్‌టీ అనే ఏర్పాటు ఉంది, ఆ జాబితాను అందరూ తలా కాస్త మోస్తారు. నేనే ఒకసారి ట్రాకర్లన్నీ తీసేసి చూశాను. కాసేపటికి పీర్లు వాళ్లంతట వాళ్లే దొరికారు. 2006లో స్వీడన్ పోలీసులు టొరెంట్లు వెతుక్కునే సైటు పైరేట్ బే సర్వర్లు పట్టుకెళ్తే మూడు రోజులకే సైటు తిరిగొచ్చింది.

అలాగని కొత్త సినిమాలు దించుకోవడం నాకు సమ్మతం కాదు, దాని వెనక ఎందరి కష్టమో ఉంటుంది. పైగా ఇందులో చాటు లేదు. మన ఐపీ అడ్రసు పీర్లందరికీ కనిపిస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మా ఇంటర్నెట్ వాళ్లు పబ్లిక్ ఐపీ ఇవ్వరు, బయటివాళ్లు నేరుగా నా మెషీన్‌ను అందుకోలేరు, అందుకే అప్‌లోడ్ సన్నగా సాగుతుంది. అప్‌లోడ్‌కు హద్దు పెట్టకపోతే ఇంట్లో వీడియో కాల్స్ తెగిపోతాయి, అది ముందే సరిచేసుకోండి.

అసలు బెంగ సీడర్లు (ఫైలు మొత్తం దగ్గర ఉంచుకుని పంచేవాళ్లు) లేకపోవడం. తమ్ముడి పాత ల్యాప్‌టాప్ కోసం ఒక 32-బిట్ లినక్స్ దించుతుంటే 97 శాతం దగ్గర ఐదు నెలలు ఆగిపోయింది. ఒక రాత్రి ఎవరో వచ్చారు, తెల్లారేసరికి పూర్తయింది. అప్పటినుంచి దాన్ని నేను ఆపలేదు. ఇవాళ చూస్తే దానికి సీడర్లం ఇద్దరం.