పొద్దున ఆవిరి బుట్ట, సాయంత్రం సుషీ డబ్బా: సింగపూర్‌లో ఎక్కడ, ఎప్పుడు తినాలి

సింగపూర్ మాల్స్‌లోని ఫుడ్ కోర్టుల్లో అక్కడక్కడా డిమ్ సమ్ (ఎక్కువగా ఆవిరి మీద ఉడికించే చైనా చిరుతిళ్లు), సుషీ (వెనిగర్ కలిపిన అన్నంతో, చేపతో చేసే జపాన్ వంటకం) రెండూ ఒకే బోర్డు కింద అమ్మే స్టాల్స్ తగులుతాయి. ఊరు చూడటానికి వచ్చినవాళ్లకు ఒకే చోట రెండూ దొరికాయన్న సంబరం. తినడం తెలిసినవాళ్లు అక్కడ ఆగరు. డిమ్ సమ్‌కి ఎడతెగని ఆవిరి కావాలి, బుట్ట మూత తీసిన ఐదారు నిమిషాల్లో నోట్లో పడాలి. సుషీలో అన్నం గోరువెచ్చగా, దాని మీది చేప చల్లగా ఉండాలి. ఇరుకైన ఒక్క స్టాల్‌లో ఈ రెంటినీ నడపాలంటే ఏదో ఒకటి రాజీ పడాల్సిందే. ఎక్కువ చోట్ల రెండూ పడతాయి: సుషీ ముందే చుట్టి ఫ్రిజ్ అరలో పెట్టేస్తారు, డిమ్ సమ్‌ను గంటల తరబడి ఆవిరి మీద వదిలేస్తారు. ఒకే రోజు రెండూ తినాలంటే పొద్దున హాకర్ సెంటర్‌లో డిమ్ సమ్, సాయంత్రం డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలోని ఫుడ్ హాల్‌లో సుషీ తినండి. ఇదే సరైన క్రమం.

హాకర్ సెంటర్ అంటే ఒక్క కప్పు కింద పదుల కొద్దీ చిన్న స్టాల్స్, మధ్యలో అందరికీ ఉమ్మడి బల్లలు. ఒకప్పుడు వీధుల్లో తోపుడుబండ్ల మీద అమ్ముకున్నవాళ్లకు నీళ్లు, మురుగు సదుపాయం కల్పించి ప్రభుత్వం ఇలా ఒకచోట కూర్చోబెట్టింది. ఈ సంస్కృతిని 2020 డిసెంబరులో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఏసీ ఉండదు, ఫ్యాన్లే. పొద్దున పది దాటితే చెమట పట్టేస్తుంది, కాబట్టి పట్టుచీరలు, కోట్లు హోటల్లోనే ఉంచండి.

డిమ్ సమ్‌కి మా ఓటు చైనాటౌన్ కాంప్లెక్స్‌కి. లిటిల్ ఇండియాలో దిగినవాళ్లకు నార్త్ ఈస్ట్ మెట్రో లైన్‌లో మూడో స్టేషనే చైనాటౌన్. స్మిత్ స్ట్రీట్‌లో ఉన్న ఈ భవనంలో కింద మార్కెట్, పైన తిండి స్టాల్స్. 260కి పైగా స్టాల్స్‌తో దేశంలోకెల్లా పెద్ద హాకర్ సెంటర్ ఇదే. ఇబ్బందీ అక్కడే: వరసలన్నీ ఒకేలా ఉండి దారి తప్పుతారు, సగం స్టాల్స్ మధ్యాహ్నానికి మూతబడతాయి, సోమవారం సెలవు తీసుకునేవీ చాలా ఉంటాయి. దగ్గర్లోనే ఉన్న మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్ చిన్నది, మెట్రో స్టేషన్‌కి ఆనుకునే ఉంటుంది, పెద్దవాళ్లతో వెళ్తే అదే సుఖం. అయితే పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా చుట్టుపక్కల ఆఫీసుల జనం, హైనానీస్ చికెన్ రైస్ కోసం వచ్చే పర్యాటకులు కలిసి కూర్చోవడానికి చోటు లేకుండా చేస్తారు. లావు పా సాట్ భవనం చూడదగ్గది. పోత ఇనుప స్తంభాలు, ఎనిమిది పలకల ఆకారం, సాయంత్రం పక్క వీధిలో సాటే (పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలు) కాల్చే పొగ. డిమ్ సమ్ కోసం మాత్రం అక్కడిదాకా వెళ్లక్కర్లేదు.

ఎనిమిది, పది గంటల మధ్య వెళ్లండి. స్టాల్ ఎంచుకునేటప్పుడు బోర్డు మీది ఫోటోల కంటే బుట్టల కదలిక చూడాలి. వెదురు బుట్టలు తీస్తూ, కొత్తవి ఎక్కిస్తూ ఉంటే సరుకు తిరుగుతున్నట్టు. పది పన్నెండు రకాలే ఉండి, పదకొండుకల్లా కొన్ని అయిపోయే చోట చేత్తో చేసినవి దొరికే అవకాశం ఎక్కువ. నలభై రకాలు బోర్డు మీద ఉంటే చాలావరకు ఫ్యాక్టరీ నుంచి గడ్డకట్టి వచ్చినవే. అవి తినకూడనివేమీ కావు, కానీ వాటి కోసం రైలెక్కి రావడం దండగ.

హర్ గావ్‌తో మొదలుపెట్టండి. స్టాల్ పనితనం అందులో తెలిసిపోతుంది. రొయ్యల కూరకం చుట్టూ ఉండే ఆ పల్చని పొరను గ్లూటెన్ తీసేసిన గోధుమ పిండిపదార్థం, కర్రపెండలం పిండి కలిపి, మరిగే నీళ్లు పోసి చేస్తారు. ఉడికినప్పుడు లోపలి రొయ్య గులాబీ రంగులో బయటికి కనిపిస్తుంది. చల్లారేకొద్దీ పొర తెల్లబడి, గట్టిపడి, పగుళ్లిస్తుంది. అలాగని ఆవిరి మీద ఎక్కువసేపు ఉంచినా పనికిరాదు, అడుగు కాగితానికి అతుక్కుని ఎత్తగానే చిరిగి రొయ్య జారిపోతుంది. మొదటి ముక్క అలా చిరిగిందంటే ఆ స్టాల్‌లో ఇంకేమీ అడగకండి. షూ మై (పైన తెరిచి ఉండే మాంసం పొట్లం) అంచులు ఎండి ముడుచుకున్నా, బావ్ (కూరకం పెట్టిన మెత్తటి ఆవిరి బన్ను) పైన తడి మచ్చలు, గుంటలు ఉన్నా అదే రోగం. మూత నుంచి నీటిబొట్లు పడేంత సేపు అది ఆవిరిలో నానిందన్నమాట.

ఇద్దరికి నాలుగు బుట్టలు, ఒక ప్లేటు చీ చాంగ్ ఫన్ సరిపోతాయి. బుట్టకు సాధారణంగా మూడే ముక్కలు. ఇద్దరు వెళ్తే ఆ మూడో ముక్క దగ్గర మొహమాటం తప్పదు, ముగ్గురు వెళ్లడం లెక్కకు మంచిది! అన్నీ ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. ముందు హర్ గావ్, చీ చాంగ్ ఫన్. ఆ రెండూ ఆగవు. బియ్యప్పిండి పలుచటి పొరలైన చీ చాంగ్ ఫన్ మీద సాస్ పోశాక పది నిమిషాలకు మెత్తటి ముద్దవుతుంది. తర్వాత షూ మై. చివర్లో బావ్, తామరాకులో చుట్టిన లో మై గై. జిగురు బియ్యం వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. అద్దాల పెట్టెలో దీపం కింద పెట్టిన వేపుళ్లు పొద్దున తొలి వాయి అయితేనే తీసుకోవాలి, లేకపోతే నూనె పీల్చిన అట్టముక్కలే. లోపల వేడి రసం ఉండే షావ్ లాంగ్ బావ్ దొరికితే గట్టి మడతల కుచ్చు దగ్గర పట్టి ఎత్తి, చెంచాలో పెట్టుకుని, పక్కన చిన్న కన్నం కొరికి రసం తాగాక తినాలి. నేరుగా నోట్లో వేసుకుంటే నాలుక కాలుతుంది. ఆ రసం చల్లగా ఉన్నప్పుడు జెల్లీలా గడ్డకట్టి ఉంటుంది, ఆవిరికి కరుగుతుంది. జెల్లీ కట్టేది సాధారణంగా పంది చర్మంతో.

ఇక మనవాళ్లు ముందు అడిగే ప్రశ్న దగ్గరికి: ఇందులో పంది ఉందా, బీఫ్ ఉందా, శాకాహారమేనా? హర్ గావ్ లోపల రొయ్యే అయినా, కూరకం మృదువుగా ఉండటానికి పంది కొవ్వు కలపడం మామూలు. పిండిలోనూ కొందరు వేస్తారు. షూ మైలో పంది మాంసం, రొయ్య కలిసి ఉంటాయి. చార్ సూ బావ్ పూర్తిగా పంది. 'నో పోర్క్, నో లార్డ్' అని రాసి ఉంటే పంది మాంసం, కొవ్వు వాడటం లేదని అర్థం. బీఫ్ గురించి ఆ మాట ఏమీ చెప్పదు, విడిగా అడగాలి. హలాల్ ధ్రువపత్రం వేరే, అది ముయిస్ అనే ఇస్లామిక్ మండలి ఇస్తుంది. అక్కడా బీఫ్ ఉండొచ్చు. క్యారట్ కేక్ పేరు చూసి శాకాహారులు మోసపోతుంటారు. ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఆవిరి పట్టిన దిమ్మ అది. అందులో ఎండు రొయ్యలో చైనీస్ సాసేజో పడతాయి, వేయించేటప్పుడు గుడ్డు కొడతారు. కూరగాయల డంప్లింగ్‌లో సైతం ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్ ఉండొచ్చు.

అందుకే శుద్ధ శాకాహారులు హాకర్ సెంటర్‌లో బేరాలాడే బదులు బూగిస్ దగ్గర మిడిల్ రోడ్డులోని ఫార్చ్యూన్ సెంటర్‌కి వెళ్లడం మేలు. అక్కడ చైనీస్ శాకాహార దుకాణాలు చాలా ఉన్నాయి. బౌద్ధ పద్ధతిలో వండే చోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కాబట్టి మడి పాటించే పెద్దవాళ్లనూ ధైర్యంగా తీసుకెళ్లొచ్చు. గుడ్డు, పాలు వాడతారో లేదో మాత్రం అడగండి. మాంసంలా కనిపించేవి సోయా, గోధుమ గ్లూటెన్, పుట్టగొడుగులతో చేసినవే. చాంద్రమాన నెలలో ఒకటో తేదీన, పదిహేనో తేదీన, అంటే మన అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, చైనీయులు చాలామంది శాకాహారమే తింటారు. ఆ రోజుల్లో ఇక్కడ మధ్యాహ్నం వరస తప్పదు. దగ్గర్లోనే వాటర్లూ స్ట్రీట్‌లో బౌద్ధుల కరుణాదేవత క్వాన్ ఇమ్ గుడి, దాన్ని ఆనుకుని శ్రీకృష్ణుడి గుడి ఉన్నాయి. మన గుడి ముందూ చైనీయులు అగరొత్తులు వెలిగించడం చూస్తారు.

హాకర్ సెంటర్ మర్యాదలు కొన్ని. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే అది ఎవరో ఆపుకున్న చోటు, తీసి పక్కన పెట్టకండి. మీరూ అలాగే ఆపుకోవచ్చు. తాగేవి వేరే స్టాల్‌లో కొనాలి. టీ అడిగితే కండెన్స్‌డ్ పాలతో తియ్యటిది వస్తుంది. డిమ్ సమ్‌కి పాలు లేని 'టే ఓ' బాగుంటుంది, చక్కెర అసలు వద్దంటే 'టే ఓ కొసోంగ్' అనండి. తిన్నాక ట్రే, ప్లేట్లు తీసుకెళ్లి స్టాండులో పెట్టడం 2021 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. మొదటిసారి హెచ్చరికతో వదిలేస్తారు, మళ్లీ దొరికితే 300 సింగపూర్ డాలర్ల జరిమానా. హలాల్ ట్రేల స్టాండు వేరుగా ఉంటుంది, కలపకండి. డబ్బు నోట్ల రూపంలో దగ్గర పెట్టుకోండి. స్టాల్ దగ్గరి క్యూఆర్ కోడ్‌లో ఎక్కువగా స్థానిక బ్యాంకు ఖాతాలే పనిచేస్తాయి, కార్డు తీసుకోని చోట్లూ ఉన్నాయి. బుట్ట సుమారు 3 నుంచి 5 డాలర్లు, రాసి ఉన్నదే కట్టాల్సింది. రెస్టారెంట్లో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ అదనం. నాలుగు బుట్టలకి ఆ తేడా బాగానే తెలుస్తుంది.

సాయంత్రం సుషీకి ఆర్చర్డ్ రోడ్డు. న్గీ ఆన్ సిటీలోని తకాషిమాయా నేలమాళిగ ఫుడ్ హాల్ మంచి నమూనా. కౌంటర్ వెనక చుట్టి, ముందు డబ్బాల్లో పెడుతుంటారు. ఇక్కడా కదలికే చూడాలి. చేసిన వేళ డబ్బా మీద ఉంటే చదవండి, గంటా రెండు గంటల లోపుదైతే మంచిది. అన్నం విషయంలో ఫ్రిజ్ పెద్ద శత్రువు. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి పలుకెక్కినట్టే, సుషీ అన్నమూ చలికి గట్టిపడి మెతుకులు విడిపోతాయి. వెనిగర్, చక్కెర ఆ మార్పును కొంత ఆలస్యం చేస్తాయి కానీ ఆపలేవు. డబ్బా పట్టుకుంటే మంచులా చల్లగా తగిలితే వదిలేయండి. సుషీ చుట్టే సముద్రపు నాచు రేకు నోరీ కూడా అంతే, తడి తగిలిన కొద్దిసేపటికి కరకరలాడటం మానేసి రబ్బరులా సాగుతుంది. చేతి రోల్ కొంటే అక్కడే నిలబడి తినేయాలి.

పచ్చి చేప సంగతి. సుషీకి వాడే సాల్మన్ ఎక్కువగా సముద్రంలో పెంచినది, తయారు మేత తింటుంది కాబట్టి పరాన్నజీవుల భయం తక్కువ. మంచినీటి చేప వేరు. 2015లో సింగపూర్‌లో పచ్చి మంచినీటి చేప తిన్నవాళ్లలో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్లు ప్రబలాయి. ఆ ఏడాది డిసెంబరులో తినుబండారాల దుకాణాల్లో పచ్చి మంచినీటి చేప వడ్డించడాన్ని నిషేధించారు. గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఏ పచ్చి చేపా తినకపోవడమే మంచిది. వాళ్లకి ఉడికించిన రొయ్య ఎబి, కాల్చిన పాము చేప ఉనాగి, గుడ్డు అట్టుతో చేసే తమాగో ఉన్నాయి. కనికామా పీత కాదు, రంగు వేసిన చేప ముద్ద. శాకాహారులకు నికరమైనది కీరదోస పెట్టిన కప్పా మాకి ఒక్కటే, తర్వాత అవకాడో రోల్. తియ్యటి టోఫు సంచిలో అన్నం కూరిన ఇనారి శాకాహారంలా కనిపిస్తుంది కానీ, ఆ టోఫును చాలాచోట్ల చేప రసంలో మరిగిస్తారు. మిసో సూప్ సంగతీ అంతే. మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది.

తినేటప్పుడు అన్నం వైపు సోయా సాస్‌లో ముంచకండి, విడిపోతుంది. చేప వైపు కొద్దిగా తాకిస్తే చాలు. పొట్లంలో ఇచ్చే వసాబి చాలావరకు రంగు వేసిన హార్స్‌రాడిష్. ఆవఘాటులా ముక్కులోకి పోతుంది, మన పచ్చిమిరప కారానికి అలవాటైన నోళ్లనూ ఏడిపిస్తుంది, కాబట్టి గోరంత చాలు.

మూసేవేళకు జపనీస్ సూపర్ మార్కెట్లలో, ఫుడ్ హాళ్లలో సుషీ డబ్బాలకు తగ్గింపు స్టిక్కర్లు వేస్తారు. కప్పా మాకి, ఉనాగి, తమాగో అయితే ఆ ధరకు లాభమే. పచ్చి చేప డబ్బాను తగ్గింపు చూసి కొనకండి. ఫుడ్ హాల్లో కూర్చునే చోటు తక్కువ, ఊరికే దొరకదు. మెట్రోలో తింటూ వెళ్దామనుకుంటే 500 డాలర్ల దాకా జరిమానా. బయట మెట్ల మీద కూర్చుని తినొచ్చు, కానీ ముప్పై డిగ్రీల ఉక్కలో పచ్చి చేప డబ్బా చేత్తో పట్టుకుని షాపింగ్ తిరగకూడదు. బస లిటిల్ ఇండియాలో అయితే ఆర్చర్డ్ నుంచి ధోబీ ఘాట్‌లో రైలు మారి చేరుకోవచ్చు, గదిలో స్థిమితంగా తినొచ్చు.

బస గురించి చివరి మాట. పొద్దున్నే డిమ్ సమ్ ముఖ్యమైతే చైనాటౌన్‌లో దిగండి. ఇంట్లో శాకాహారులుంటే, రాత్రి ఇడ్లీ దోసె కావాలంటే లిటిల్ ఇండియా. ఆర్చర్డ్‌లో గది ఖరీదెక్కువ, సుషీ కోసం అంత ఖర్చు అక్కర్లేదు. చైనాటౌన్, లిటిల్ ఇండియా రెండింటిలోనూ పాత దుకాణ ఇళ్లను మార్చిన చిన్న హోటళ్లు చాలా ఉన్నాయి. బుక్ చేసేముందు గదికి కిటికీ ఉందో లేదో, లిఫ్ట్ ఉందో లేదో చదవండి. తక్కువ ధర గదుల్లో కిటికీ లేనివి మామూలే. హోటల్ టిఫిన్‌తో కలిపిన ప్యాకేజీ తీసుకోకండి, ఆ అదనపు డబ్బుతో కింద వీధిలో ఇద్దరికి నాలుగు బుట్టలు, రెండు టీలు వస్తాయి.