నేపాలా, శ్రీలంకా?

పర్లాకిమిడి చర్చి యువత సేవాయాత్రకు నా ఓటు నేపాల్‌కే. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ లేకపోయినా ఓటరు కార్డు చాలు. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ చెల్లదు, అందరి కార్డులూ ముందే చూసుకోవాలి. పలాసలో రైలెక్కి హౌరా, అక్కడ మిథిలా ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే రక్సౌల్. సరిహద్దు దాటితే బీర్‌గంజ్. మనవాళ్ల హిందీ అక్కడ బాగానే పనికొస్తుంది. ఆరాధన మాత్రం ఎక్కువ చర్చిల్లో శనివారం.

శ్రీలంకకు విమాన ఖర్చు, అందరికీ పాస్‌పోర్టులు, ముందస్తు ప్రయాణ అనుమతి కావాలి. నువర ఎలియా తేయాకు తోటల్లో తమిళ కూలీ కుటుంబాల మధ్య చేయడానికి పని చాలా ఉంది. కానీ తమిళం రాని పిల్లలు అక్కడ ఎవరితో మాట్లాడతారు?

నేపాల్‌తో నా టెన్షన్ ఒక్కటే. 2018 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ల వరకు జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. కరపత్రం ఒక్కటి కూడా సంచిలో పెట్టనివ్వకండి. మన అత్యుత్సాహానికి నష్టపోయేది అక్కడి విశ్వాసులే. బడి గోడలకు సున్నం వేయడం, పిల్లలకు లెక్కలు చెప్పడం లాంటి పనులు స్థానిక సంఘ పెద్దలు అడిగితేనే బయలుదేరండి.